ఓడినవారికే సంభావన

అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ సీజన్ నవంబర్‌లో మొదలవుతుంది. అభిమానికి మాత్రం అక్టోబర్‌లోనే అయిపోతుంది. మార్చిలో, ఏప్రిల్‌లో జరగాల్సిన ఆటలన్నీ మనసులో ఆడేసి, కప్పు ఎత్తేసి, ఊరేగింపు కూడా కానిచ్చేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి మొదటి ఆటకు కూర్చుంటాడు. కెంటకీ యూనివర్సిటీ అభిమానుల్లో ఈ జబ్బు కాస్త ముదిరిన రకం. నేనూ ఆ మందలోవాణ్ణే కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

కెంటకీ రాష్ట్రానికి ఎన్‌బీఏ జట్టు లేదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లోనూ బేస్‌బాల్‌లోనూ పై స్థాయి జట్టు లేదు. రాష్ట్రం మొత్తం మోజు తీర్చే బాధ్యత లెక్సింగ్టన్‌లో ఉన్న పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళ మీదే పడింది. వాళ్ళు ఆడే రప్ అరీనాలో ఇరవై వేల మంది పడతారు. పైకప్పు నుంచి ఎనిమిది జాతీయ టైటిళ్ళ జెండాలు వేలాడుతుంటాయి. మొదటిది 1948 నాటిది, చివరిది 2012 నాటిది. ఆ చివరిది నిన్నమొన్నటిదే అని మేమంతా గట్టిగా నమ్ముతాం. ఆట మధ్యలో చీర్‌లీడర్లు కోర్టు మీదకొచ్చి తమ ఒళ్ళతోనే ఒక్కో అక్షరం చొప్పున రాష్ట్రం పేరు రాస్తారు. ఆఖరి అక్షరంగా నిలబడటానికి ఎవరో ఒక ప్రముఖుణ్ణి పిలుస్తారు. చేతులు రెండూ పైకెత్తి నిలబడటమే ఆయన చేయాల్సిందల్లా. కొన్ని నవంబర్లలో ఆ సాయంత్రం తన పని తాను సరిగ్గా చేసిన మనిషి ఆయనొక్కడే.

2025 అక్టోబర్ 24న ఇదే రప్ అరీనాలో కెంటకీ 78-65తో పర్డ్యూని ఓడించింది. అప్పటికి పర్డ్యూ దేశంలో నంబర్ వన్. అది ఎగ్జిబిషన్ ఆట, అంటే ఏ లెక్కలోకీ రాదు. నంబర్ వన్ హోదా కూడా అలాంటిదే. ఒక్క జట్టూ ఒక్క ఆటా ఆడకముందే పత్రికలవాళ్ళు ఓట్లేసి ఇరవై అయిదు జట్లకు వరస నంబర్లు ఇచ్చేస్తారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ జాబితాలో మాది తొమ్మిదో స్థానం. లెక్కలోకి రాని ఆటలో, ఇంకా ఏమీ గెలవని నంబర్ వన్ మీద గెలిచాం. ఆ సీజన్ టైటిల్ తేలే ఆఖరి అంచె, అంటే ఫైనల్ ఫోర్, ఇండియానాపొలిస్‌లో, లెక్సింగ్టన్ నుంచి మూడు గంటల డ్రైవ్. గదుల రేట్లు పెరక్కముందే బుక్ చేసుకోవడం మంచిదని మా వాళ్ళలో చర్చ కూడా నడిచింది.

ఆ తర్వాత అసలు సీజన్ మొదలైంది, గెలుపులు రావడమూ మొదలైంది. హైదరాబాద్ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు.

“బావా, మీవాళ్ళు 107-59తో గెలిచారటగా! అవతల ఎవరు?”

“వాల్‌పరైజో.”

“అది ఊరి పేరా, మనిషి పేరా?”

“యూనివర్సిటీరా.”

“బాగా ఆడతారా?”

“ఆడతారో లేదో, రమ్మని డబ్బులిచ్చి పిలిపించారు.”

“మీరే డబ్బులిచ్చి, మీరే ఓడించారా? మరి దాన్ని గెలవడం అంటారా, కొనడం అంటారా బావా?”

సిగ్నల్ సరిగ్గా లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను.

వాడికి తెలియంది ఏమిటంటే ఇక్కడ ఇది రహస్యం కాదు, పద్ధతి. పై తరగతి కాలేజీ పోటీల్లో 360కి పైగా జట్లున్నాయి. ఫుట్‌బాల్, టీవీ హక్కుల సొమ్ము దండిగా ఉన్న పెద్ద యూనివర్సిటీలు నవంబర్, డిసెంబర్ నెలల్లో చిన్న యూనివర్సిటీలను తమ ఊరికి ఆహ్వానిస్తాయి. ఒప్పందం రాసుకుంటాయి. వచ్చి ఒక్క ఆట ఆడిపోతే ఎనభై, తొంభై వేల డాలర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ముట్టజెబుతాయి. తిరుగు ఆటకు పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ ఊరు వెళ్ళే ప్రసక్తే లేదు. పెళ్ళికొచ్చిన బ్రాహ్మడికి తాంబూలంలో పెట్టి సంభావన ఇచ్చినట్టు, ఓడిపోయి వెళ్ళేవాళ్ళకు చెక్కు ఇచ్చి పంపుతారు. తేడా అల్లా, ఇక్కడ ఆశీర్వచనం మనకు గెలుపు రూపంలో వస్తుంది.

చిన్న యూనివర్సిటీకి ఆ డబ్బు చిన్నది కాదు. అక్కడ క్రీడల విభాగం ఏడాది పొడుగునా ప్రతి డాలరూ లెక్కపెట్టుకునేదే. అందుకని కోచ్ తన కుర్రాళ్ళను బస్సెక్కించి వారానికో పెద్దింటికి తిప్పుతాడు. కొత్త సంవత్సరం వచ్చేసరికి జట్టు ఖాతాలో ఓటములూ, యూనివర్సిటీ ఖాతాలో డాలర్లూ పేరుకుంటాయి. తర్వాత ఏదో ఒక ఏడాది “నువ్వు గెలిపించడం లేదు” అని అదే కోచ్‌ను ఇంటికి పంపేస్తారు. ఓడిపోవడానికి ఒప్పందం రాసుకున్నది ఆఫీసు, ఉద్యోగం పోయేది కోచ్‌కి. దీన్ని మేనేజ్‌మెంట్ చదువుల్లో పాఠంగా చెప్పరెందుకో.

ఈ ఏర్పాటులో ఒక్కటే ఇబ్బంది. ఒప్పందంలో ఆట ఆడాలని ఉంటుంది గానీ, ఓడిపోవాలని ఎక్కడా రాయరు. పెద్దమనుషుల మధ్య అలాంటివి కాగితం మీద పెట్టుకోరు. 2019లో కొంప మునిగింది అక్కడే.

ఆ ఏడాది నవంబర్ 5న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కెంటకీ 69-62తో అప్పటి నంబర్ వన్ మిషిగన్ స్టేట్‌ను ఓడించింది. నవంబర్ 11, సోమవారం వచ్చిన జాబితాలో నంబర్ వన్ మేమే. ఆ మర్నాడు, మంగళవారం రాత్రి, రప్ అరీనాకు ఇవాన్స్‌విల్ వచ్చింది. ముందటేడు 32 ఆటలాడి 21 ఓడిన జట్టు. చెక్కు 90 వేల డాలర్లు. పందేలవాళ్ళు కెంటకీ 25 పాయింట్ల తేడాతో గెలుస్తుందని లెక్కగట్టారు. ఆ జట్టు కోచ్ వాల్టర్ మెకార్టీ 1996లో ఇదే కెంటకీకి ఆడి జాతీయ టైటిల్ గెలిచినవాడు. ఆ ఏటి జెండా ఆయన నెత్తి మీదే వేలాడుతోంది. ఇంటి పిల్లాడు పుట్టింటికొచ్చాడు, రెండు ముద్దలు తిని, చెక్కు తీసుకుని వెళతాడని అనుకున్నాం.

ఇవాన్స్‌విల్ 67, కెంటకీ 64.

ఆ చివరి నిమిషాలు చూసిన ఎవరికైనా ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. మామూలుగా ఇలాంటి ఆటల్లో ఎనిమిది నిమిషాలు మిగిలుండగానే జనం కార్ల పార్కింగ్ వైపు కదులుతారు, ట్రాఫిక్ తప్పించుకోవడానికి. ఆ రాత్రి ఎవరూ కదల్లేదు. ముందు వరసల్లో పెద్దలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఇరవై వేల మంది కేకలకు చలించకుండా ఆ కుర్రాళ్ళు ఆఖరి క్షణాల్లో ఫ్రీత్రోలు వేశారు. దేశంలో నంబర్ వన్ అనిపించుకున్న జట్టు మూడు పాయింట్ల అంతరాన్ని కూడా పూడ్చలేకపోయింది. ఒప్పందం ప్రకారం చెక్కు మాత్రం ఇచ్చే పంపాం. ఓడించినవాడికి డబ్బు, ఓడినవాడికి బిల్లు.

మరి ఈ ఇవాన్స్‌విల్ మహా జట్టేమో అనుకుంటారేమో. ఆ సీజన్‌లో వాళ్ళ సొంత కాన్ఫరెన్స్‌లో, అంటే ఏటా తమలో తాము ఆడుకునే జట్ల గుంపులో, 18 ఆటలు ఆడితే పద్దెనిమిదీ ఓడిపోయారు. ఒక్కటంటే ఒక్కటి గెలవలేదు. ఆ లెక్కన నంబర్ వన్ అనే మాట విలువ ఎంతో మీరే కట్టుకోండి.

అభిమాని దగ్గర ఇలాంటి గాయాలన్నిటికీ ఒకటే మందు ఉంటుంది: “ఇప్పుడే ఏం తొందర? మార్చిలో చూసుకుందాం.” మార్చిలో 68 జట్లతో జాతీయ టోర్నమెంట్ జరుగుతుంది, లెక్క అక్కడే తేలుతుంది అని దానర్థం. ఈ మందుకో విచిత్రమైన గుణముంది. ఓడినప్పుడే పనిచేస్తుంది. నవంబర్‌లో గెలిస్తే అది జట్టు సత్తాకు తిరుగులేని సాక్ష్యం, ఓడితే చిన్న శాంపిల్. గణాంక శాస్త్రంలో నాకు తెలిసినంతవరకు శాంపిల్ సైజు గెలుపోటములను బట్టి మారదు. లెక్సింగ్టన్‌లో మారుతుంది.

2019లోనూ మార్చి కోసమే ఎదురుచూశాం. కుర్రాళ్ళు నిజంగానే కోలుకున్నారు, 25 గెలిచి 6 ఓడి, తమ కాన్ఫరెన్స్‌లో అగ్రస్థానం పట్టారు. ఇక మార్చి రావడమే తరువాయి. 2020 మార్చి 12న, కరోనా వల్ల, టోర్నమెంట్‌నే రద్దు చేశారు. ఆ సీజన్‌లో కెంటకీ గురించి బయటి ప్రపంచానికి గుర్తున్న ఆట ఏదయ్యా అంటే ఇవాన్స్‌విల్‌దే.

ఆ మరుసటేడు మొదటి ఆటలో మోర్‌హెడ్ స్టేట్‌ను 81-45తో చితక్కొట్టి మళ్ళీ ఆశలు చిగురింపజేశారు. ఆ తర్వాత వరసగా ఆరు ఓడారు. సీజన్ ముగిసేసరికి తొమ్మిది గెలుపులు, పదహారు ఓటములు. మార్చి వచ్చింది గానీ, మా జట్టు రాలేదు. ఆ ఏడు నవంబరే నిజం చెప్పింది, మేమే వినలేదు.

ఇక ఈసారి సంగతి. కోచ్ కలిపారి 2024లో ఆర్కాన్సాకు వెళ్ళిపోయాక ఆ కుర్చీలోకి మార్క్ పోప్ వచ్చాడు. ఆయనా 1996 జట్టులోవాడే, పైగా కెప్టెన్. అంటే మెకార్టీకి సహచరుడు. వచ్చిన ఏడాదే నవంబర్ 12న, ఇవాన్స్‌విల్ పరాభవానికి సరిగ్గా అయిదేళ్ళు నిండిన రోజున, డ్యూక్‌ను 77-72తో ఓడించి అందరి మనసూ దోచాడు. రెండో ఏడాదికి ఆయన చేతికి కొత్త అస్త్రం వచ్చింది. 2025 జులై నుంచి యూనివర్సిటీలు ఆటగాళ్ళకు నేరుగా డబ్బు చెల్లించవచ్చు, ఒక్కో యూనివర్సిటీకి అన్ని ఆటలూ కలిపి సుమారు 2 కోట్ల డాలర్ల పరిమితి. బయటి ఒప్పందాల సొమ్ము దానికి అదనం. కెంటకీ బాస్కెట్‌బాల్ జట్టు ఖరీదే 2 కోట్ల 20 లక్షల డాలర్ల దాకా ఉంటుందని పత్రికలు రాశాయి. మునుపు ప్రత్యర్థిని మాత్రమే కొనేవాళ్ళం. ఇప్పుడు సొంత జట్టునూ కొంటున్నాం. కోర్టు మీద రెండు వైపులా మన డబ్బే ఆడుతుంటే ఇంక ఓడేదెవరు?

మేమే. లూయివిల్ చేతిలో వాళ్ళ ఊళ్ళోనే 96-88. న్యూయార్క్‌లో మిషిగన్ స్టేట్ చేతిలో 83-66. డిసెంబర్ 2న సొంత గడ్డ మీద నార్త్ కరొలినా చేతిలో 67-64. ఈ స్కోరు ఎక్కడో చూసినట్టుందని గొణుక్కున్న పాత అభిమానులు కొందరున్నారు. మూడు రోజుల తర్వాత నాష్‌విల్‌లో గొంజాగా చేతిలో 94-59, ముప్పై అయిదు పాయింట్ల తేడా. నీలం చొక్కాలేసుకుని డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళిన మా వాళ్ళే మా కుర్రాళ్ళను చూసి ఎగతాళిగా అరిచి గోల చేశారు. ఆ అరుపులకు తాము అర్హులమే అని కోచ్ కూడా ఆట తర్వాత ఒప్పుకున్నాడు. నిజానికి ఆయన అంత మర్యాద చూపక్కర్లేదు. అరిచింది కుర్రాళ్ళ మీద కాదు, అక్టోబర్‌లో మేం మనసులో ఆడేసిన ఫైనల్ మీద.

అప్పటికి జట్టు ఆడినవి తొమ్మిది. గెలిచినవి అయిదు: నికోల్స్, వాల్‌పరైజో, ఈస్టర్న్ ఇల్లినాయ్, మేరీలాండ్ లయోలా, టెన్నెస్సీ టెక్. అయిదుగురూ రప్ అరీనాకు పిలిపించిన అతిథులే. ఓడినవి నాలుగు, ఆ నాలుగూ సంభావన తీసుకోనివారి మీదే. ఖర్చు పెట్టిన ప్రతిచోటా గెలిచాం. ఉచితంగా ఆడిన ప్రతిచోటా ఓడాం. ఇంత కచ్చితంగా డబ్బుకు తగ్గ ఫలితమిచ్చే సంస్థ ఇంకెక్కడుంటుంది?

గొంజాగా దెబ్బ తర్వాత వచ్చిన ఆట ఇంట్లోనే, నార్త్ కరొలినా సెంట్రల్ మీద. భారీ తేడాతో గెలిచాం. మర్నాడు పొద్దున్నే ఆఫీసులో ఒకాయన కాఫీ మెషీన్ దగ్గర నా భుజం తట్టి, “గాడిలో పడ్డారు” అన్నాడు. ఆయన మొహం చూసి వాదించబుద్ధి కాలేదు. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది.

అందుచేత పెద్ద యూనివర్సిటీల టికెట్ ఆఫీసులకు ఈ అభిమాని విన్నపం ఒక్కటే. టికెట్ మీద సీటు నంబరు, తలుపు నంబరు, పార్కింగ్ నంబరు వేస్తున్నారు. పక్కనే అవతలి జట్టుకు ఇచ్చిన మొత్తం కూడా అచ్చు వేయించండి. ఆ మొత్తం ఉన్న రోజున మేం హాయిగా చప్పట్లు కొట్టి, ఎనిమిది నిమిషాలు ముందే ఇంటికెళతాం. ఆ గడి ఖాళీగా ఉన్న రోజున మాత్రం టికెట్ ధర సగానికి తగ్గించండి.