కవర్ ఆటగాడికి మార్కులు వేసే సులువు పద్ధతి

జైనూర్‌లో కబడ్డీ సెలెక్షన్ అని మిమ్మల్ని పిలిచి కుర్చీ వేశారంటే మీ మాటకు విలువ ఉన్నట్టే. ఆ విలువను రెండు గంటల్లో, చెమట పట్టకుండా, ఎవరితోనూ మాట పడకుండా కాపాడుకోవచ్చు. కూతకు పోయేవాడికి మార్కులు వేయడం ఏమంత పని కాదు. ముట్టి వచ్చాడా, పాయింటు. కార్నర్‌లో ఉన్నవాడు కాలు పట్టి ఆపాడా, పాయింటు. తంటా అంతా మధ్యలో నిలబడే కవర్ల దగ్గరే. పక్కవాడి చేయి కలిపి చైన్ పట్టుకొని ఆటంతా అటూ ఇటూ కదులుతూనే ఉంటారు, షీటులో పేరు మాత్రం ఎక్కదు. వాళ్ళ ఆట మంచిదో కాదో ఎలా తేల్చాలని కొత్తగా వచ్చిన పీఈటీలు బెంగపడుతుంటారు. బెంగ అక్కరలేదు. ఇరవై ఏళ్ళుగా నేను చేస్తున్న పద్ధతి ఇది, ఒక్కసారి కూడా దెబ్బతినలేదు.

1. ఆలస్యంగా వెళ్ళండి. తొమ్మిదికి రమ్మంటే పదకొండుకు చేరండి. అప్పటికి పిల్లలే రాళ్ళు ఏరి, నీళ్ళు చల్లి, సున్నంతో గీతలు గీసి, రెండు ఆటలు కూడా ఆడేసి ఉంటారు. చూడని ఆట మీద తప్పుడు తీర్పు ఇచ్చే ప్రమాదం ఉండదు. ఎవరైనా అడిగితే ఉట్నూర్‌లో బస్సు దొరకలేదనండి. అంగడి రోజైతే అదీ అక్కరలేదు, రద్దీని చూపించండి చాలు.

2. కుర్చీ స్కోరర్ పక్కన వేయించుకోండి. ఎండ్ లైను వెనక కూర్చోవద్దు. అక్కడి నుంచి చైన్ ఎటు జరిగింది, ఏ చేయి ముందు వదిలింది, ఎవరు ఒక అడుగు వెనకబడ్డారు అన్నీ కనబడతాయి. కనబడినవన్నీ రాయాల్సి వస్తుంది. స్కోరర్ పక్కన ఉంటే షీటు కనబడుతుంది, చాయ్ కూడా ముందు మీకే వస్తుంది.

3. పాయింటు ఎవరికి పడిందో చూసి అక్కడితో ఆపండి. ఇది అన్నిటికంటే ముఖ్యం, అందుకే వివరంగా చెబుతాను. అవతలివాడు కూత పెడుతూ వచ్చి ఎడమ కార్నర్ వైపు బోనస్ గీతకు కాలు చాస్తాడు. ఆ క్షణంలో కవర్ రెండు అడుగులు లోపలికి జరుగుతాడు. ఎందుకంటే వచ్చినవాడు తిరిగి నడి గీతకు పోవాల్సింది ఆ దారినే. దారి మూసుకుపోవడం చూసి వాడు అర క్షణం ఆగుతాడు. ఆ ఆగడంలోనే కార్నర్ మడమ దొరకబుచ్చుకుంటాడు. వాడు ఈడ్చుకుంటూ పోబోతే కవరే వచ్చి నడుము దగ్గర అడ్డుపడతాడు, లేకపోతే భుజంతో డాష్ కొట్టి గీత బయటికి తోస్తాడు. ఈల మోగుతుంది. షీటులో మొదట పట్టినవాడి పేరు పడుతుంది. మీరూ అదే రాయండి: కార్నర్‌కు ఒకటి, కవర్‌కు సున్నా. ఆ రెండు అడుగుల సంగతి తలకెక్కించుకున్నారా, ప్రతి కూతకూ ఏడుగురి కాళ్ళూ చూడాలి. ఇరవై నిమిషాల చొప్పున రెండు సగాలు, కూత ముప్పై సెకన్లకు మించదు. లెక్క వేసుకోండి, కళ్ళు ఏం కావాలి?

4. తప్పు ఎప్పుడూ దగ్గరున్నవాడి మీదే వేయండి. వచ్చినవాడు కార్నర్‌ను ముట్టి తప్పించుకుంటే కార్నర్ చెడ్డవాడు. కవర్ ఆలస్యంగా కదిలాడేమో, చైన్‌లో పక్కవాడు చేయి లాగితే కాలు లాబీలో పడిందేమో, అసలు ఆగమని కోచే చెప్పాడేమో అని వెతకవద్దు. కోచ్ ఏం చెప్పాడో తెలియాలంటే కోచ్‌తో మాట్లాడాలి. మాట్లాడితే వాడి పిల్లలను తీసుకోమంటాడు.

5. ఈకల టోపీని చూడండి. మర్లవాయి మన జైనూర్ మండలమే. అక్కడి కనకరాజు గారికి గోండుల గుస్సాడీ ఆటకు 2021లో పద్మశ్రీ వచ్చింది. దీపావళికి ఆ ఆట ఆడే దండారి బృందం ఊళ్ళోకి వస్తే మన కళ్ళు ఎక్కడికి పోతాయి? నెమలి ఈకల టోపీ మీదికే. డోలు కొట్టేవాళ్ళు ఒక్క దెబ్బ తప్పితే అడుగులు చెదురుతాయని పెద్దలు అంటారు. అంటారు సరే, చూసేవాళ్ళు టోపీనే చూస్తారు. కబడ్డీలో కూతకు పోయేవాడు టోపీ. మీ చూపును అక్కడే ఉంచండి.

అదే మర్లవాయిలో 1940ల్లో హైమెండార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త ఇల్లు కట్టుకొని, గోండుల మధ్యనే ఉండి, చూసిందల్లా రాసుకున్నాడు. ఆయన భార్య ఎలిజబెత్ సమాధి ఇప్పటికీ అక్కడే ఉంది. నిజంగా గొప్ప మనిషి. కానీ అది ఆయన జీవితకాలపు పని. మీది ఒక పూట పని, టీఏ కూడా ఒక పూటకే వస్తుంది.

6. అమెరికావాళ్ళ దారి పట్టకండి. అక్కడి ఫుట్‌బాల్‌లో బంతి విసిరేవాడి ముందు ఐదుగురు గోడలా నిలబడతారు. వాళ్ళు బంతి విసరరు, పట్టరు, పాయింట్లు చేయరు. అచ్చం మన కవర్లే. వాళ్ళను కొలవడానికి ప్రో ఫుట్‌బాల్ ఫోకస్ అనే సంస్థ ప్రతి ఆటగాడికి ప్రతి ఎత్తుగడకూ మైనస్ రెండు నుంచి ప్లస్ రెండు దాకా మార్కులు వేస్తుంది, అదీ అర మార్కు అర మార్కు లెక్కన. వీడియో వెనక్కి తిప్పి తిప్పి చూస్తారు. జో థామస్ అని ఒకాయన క్లీవ్‌ల్యాండ్ బ్రౌన్స్ జట్టుకు 2007 నుంచి 2017 దాకా వరుసగా 10,363 ఎత్తుగడలు ఒక్కటీ వదలకుండా నిలబడ్డాడు. 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ జట్టు ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. జట్టు ఓడుతున్నా ఆయన మంచివాడని కనిపెట్టడానికి ఎన్ని రాత్రులు కూర్చున్నారో పాపం. మన పద్ధతిలో ఒక్క నిమిషం: జట్టు ఓడింది, అందరూ చెడ్డవాళ్ళు.

7. డబ్బంతా, పొగడ్తంతా కూతకే పెట్టండి. 2023 ప్రో కబడ్డీ వేలంలో తెలుగు టైటాన్స్ కూతగాడు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నది. ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌లు ఆడి 2 గెలిచి, పన్నెండు జట్లలో ఆఖరున నిలిచింది. ఇప్పుడు జైనూర్ అంగడిలో ఎవరినైనా ఆపి అడగండి, పవన్ పేరు చెబుతారు. ఆ జట్టు కవర్లు ఎవరంటే తల గోక్కుంటారు. జనానికి గుర్తులేనివాడిని మీరొక్కరే గుర్తుపెట్టుకొని ఏం చేస్తారు?

8. మీవాళ్ళను కవర్‌లో పెట్టండి. మేనల్లుడో, సర్పంచ్ బావమరిదో, అప్పు ఇచ్చినవారి కొడుకో తప్పకుండా ఉంటాడు. వాడిని కూతకు పంపితే మొదటి నిమిషంలోనే పరువు పోతుంది. కార్నర్‌లో పెడితే కాలు విరుగుతుంది, వాళ్ళమ్మ మీ గడప ముందు కూర్చుంటుంది. కవర్‌లో పెడితే పక్కవాడి చేయి పట్టుకొని నిలబడితే చాలు, వాడి దారిలోంచి ఎవరు జారిపోయినా పేరు కార్నర్‌కే వస్తుంది. ఆటలో ఇంత క్షేమమైన చోటు ఇంకొకటి లేదు.

9. సాకులు ముందే సిద్ధం చేసుకోండి. "సార్, మావోడు మంచిగనే ఆడిండు గదా, ఎందుకు తీస్కోలే?" అని తండ్రి వస్తాడు. మూడు జవాబులు ఉంచుకోండి. "ఫుట్‌వర్క్ కమ్మి ఉందే" అంటే అర్థం ఎవరూ అడగరు. "వచ్చే ఏడు చూద్దాం తీ" అంటే వచ్చే ఏటికి పిల్లవాడికి వయసు దాటిపోతుంది. అన్నిటికంటే గట్టిది మూడోది: "మట్టి మీద ఆడ్తడు కాక, మ్యాట్ మీద ఆడలేడు." మ్యాట్ లేని ఊళ్ళో ఈ మాటను కాదనగలిగినవాడు పుట్టలేదు.

10. కాగితాలు దాచవద్దు. మార్కుల షీటు ఉంటే రెండో ఏడు ఎవరో ఒకరు పక్కపక్కన పెట్టి చూస్తారు. మిర్చి బజ్జీలకు పనికొస్తుంది, ఇచ్చేయండి.

11. జట్టు జిల్లాకు వెళ్ళిన రోజు నిశ్చింతగా ఉండండి. మన కూతగాడు ముట్టి నాలుగు పాయింట్లు తెస్తాడు. అవతలివాళ్ళు మన మధ్యలోంచి నడిచి పోయి ఎనిమిది తెస్తారు. ఆలౌట్ అవుతాం, దానికి వాళ్ళకు ఇంకో రెండు. మొదటి రౌండులోనే పని అయిపోతుంది. మధ్యాహ్నం భోజనం అక్కడే పెడతారు, సాయంత్రం బస్సుకు ఇంట్లో ఉంటారు, సెమీఫైనల్ దాకా వెళ్ళినవాళ్ళు మూడు రోజులు బడి బెంచీల మీద పడుకుంటారు. కార్నర్ పిల్లవాడు ఏడుస్తాడు, భుజం తట్టండి, తప్పు నీదేరా అని మెల్లగా చెప్పండి. మధ్యలో రెండు అడుగులు జరగడం తెలిసిన పిల్లవాడు, ఆ సున్నా మార్కులవాడు, ఈపాటికి ఆట మానేసి పత్తి ఏరడానికి పోయి ఉంటాడు. వచ్చే ఏడు వాడి గురించి అడిగేవాళ్ళు కూడా ఉండరు.

ఈ ఏడు సెలెక్షన్‌కు మీ పేరు ఉంటే, బయలుదేరే ముందే షీటు మీద కవర్లందరికీ పదికి సున్నా వేసి పెట్టుకోండి. పేర్లు తర్వాత రాసుకోవచ్చు.