గుర్తులున్నాయి, దారే లేదు

ఏటా జనవరిలో ఒక్కరోజు మన సర్కారు బడి పిల్లల్ని రోడ్డు మీద క్షేమంగా నడిపిస్తుంది. రహదారి భద్రతా మాసోత్సవాలు కదా! ముందు పోలీసు జీపు, ఇరుపక్కలా కానిస్టేబుళ్లు. లారీలు బుద్ధిగా ఆగిపోతాయి. ముఖ్య అతిథి జెండా ఊపి, ఫొటో దిగి, కారెక్కుతారు. రోజూ కాలినడకన బడికొచ్చే ఏడో తరగతి పిల్ల చేతిలో ప్లకార్డు: ‘హెల్మెట్ ధరించండి’. మర్నాడు అదే పిల్ల, అదే రోడ్డు, అవే లారీలు. కానిస్టేబులు మాత్రం వచ్చే జనవరికే.

అలాగని సర్కార్లు ఏమీ చేయలేదంటే కళ్లు పోతాయి. 2014-19 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో సైకిల్ గుర్తు ప్రభుత్వం ‘బడికొస్తా’ అని పేరు పెట్టి హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్లే పంచింది. పుణ్యానికి పుణ్యం, ప్రచారానికి ప్రచారం. సైకిల్ని తక్కువ చేయడానికి లేదు. బిహార్‌లో 2006 నుంచి నితీశ్ కుమార్ తొమ్మిదో తరగతి అమ్మాయిలకి సైకిల్ డబ్బులిస్తే, హైస్కూల్లో చేరే ఆడపిల్లలు దాదాపు మూడో వంతు పెరిగారని ఆర్థికవేత్తలే లెక్కగట్టారు. మన దగ్గర సైకిల్ ఇచ్చినవాళ్లు దాన్ని తొక్కేందుకు రోడ్డు పక్కన జానెడు చోటు ఇవ్వడం మర్చిపోయారు, అంతే.

తర్వాత ఫ్యాను గుర్తు వచ్చింది. ప్రత్యర్థి గుర్తుని పిల్లల చేతికి ఏ పార్టీ ఇస్తుంది? 2020లో విద్యాకానుక కిట్ ఇచ్చారు: బ్యాగు, బెల్టు, సాక్సులు, బూట్లు. బూట్లిచ్చారంటే నడవమనేగా! ఆ నడకా వాళ్లే కల్పించారు. 2022లో జీవో 117 తెచ్చి, ఊరి బడిలో ఉన్న 3, 4, 5 తరగతుల్ని కిలోమీటరు లోపున్న హైస్కూళ్లలో విలీనం చేశారు. మధ్యలో కాలవుంది, హైవే ఉంది మహాప్రభో అని తల్లులు ధర్నాకి దిగారు. కానీ కొలత ముందు ఏడుపు పనిచేస్తుందా? విద్యాహక్కు చట్టం నియమాల్లోనూ అంతే: ఐదో తరగతి దాకా కిలోమీటరు, ఎనిమిదో తరగతి దాకా మూడు కిలోమీటర్లు. టేపు పట్టుకున్నవాడికి నాలుగు వరసల హైవే అంటే ఓ పాతిక మీటర్లు. ఎనిమిదేళ్ల పిల్లాడికి అది గోదావరి. తర్వాత వచ్చిన కూటమి ప్రభుత్వం 2025లో ఆ జీవోని రద్దు చేసింది. హైవే ఎక్కడిదక్కడే ఉంది.

ఇక తెలంగాణలో, చిత్రంగా, సైకిల్‌కి దారి వేసింది కారు గుర్తు సర్కారు. 2023లో హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు వెంట 23 కిలోమీటర్ల ట్రాకు, పైన సోలార్ పలకల కప్పు. నీడకి నీడ, కరెంటుకి కరెంటు. ఆదివారం పొద్దున నార్సింగి వైపు వెళ్లి చూడండి. ఖరీదైన సైకిల్ని కారు నెత్తిన కట్టుకొచ్చి, గంటసేపు తొక్కి, మళ్లీ కారు నెత్తినే కట్టుకుపోతారు. వాళ్ల మీద నాకేం ఏడుపు లేదు. పుస్తకాల సంచీ హ్యాండిల్‌కి తగిలించి, సీటు అందక నిలబడి తొక్కే సర్కారు బడి పిల్లాడికి మాత్రం ఆ నీడతో పనిలేదు. వాడి బడి అటు లేదు. వాడి దారిలో ఉన్నది, డివైడర్‌కి ఊరివాళ్లు పగలగొట్టుకున్న సందు. ముందు చక్రం పైకెత్తి, వెనకది మోకాలితో నెట్టి, రెండు లారీల మధ్య ఖాళీ దొరికేదాకా అక్కడే నిలబడతాడు. తోడుగా ఓ బోర్డు: ‘పాఠశాల కలదు, నెమ్మదిగా వెళ్లుము’. ఆ అక్షరాలు బెత్తెడు, బోర్డు దానం చేసిన కాలేజీ వారి ర్యాంకుల ఫొటోలు మూరెడు.

టౌన్లలో ఫుట్‌పాత్ ఉంటుంది. నడిచేందుకు 1.8 మీటర్లయినా ఖాళీగా ఉంచమని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పింది. ట్రాన్స్‌ఫార్మరు, టిఫిన్ బండి, అన్నగారి పుట్టినరోజు ఫ్లెక్సీ... సరిగ్గా సరిపోయాయి. 2022లో దేశంలో వాహనాల కింద పడి పోయిన పాదచారులు 32,825 మందని కేంద్ర రవాణా శాఖే చెప్పింది. నడిచేవాళ్ల కోసం, సైకిళ్ల కోసం రాష్ట్రాలు నియమాలు రాసుకోవచ్చని 2019లోనే మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. రాసేందుకు తీరిక ఎవరికి? చివరికి 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆరు నెలల్లో రాయండని గడువు పెట్టాల్సొచ్చింది.

సైకిలూ ఫ్యానూ కారూ చూసేశాం. తెలంగాణలో ఇప్పుడు చెయ్యి గుర్తు. పిల్లలు రోడ్డు దాటేది దాంతోనే. లారీకి అడ్డంగా చెయ్యి చాపి. రోడ్డు మీద నాలుగు తెల్ల చారలు పడాలంటే జీబ్రా గుర్తుతో ఓ పార్టీ పుట్టాలేమో. ఆ ఆశా లేదు. జంతువుల గుర్తులు కొత్తగా ఎవరికీ ఇవ్వకూడదని ఎన్నికల సంఘం ఏనాడో నిర్ణయించింది.