గేరు సైకిలు అల్లుడు

వెనకటి అల్లుళ్ళు దసరాకు అత్తగారింటికి వస్తే తినేవాళ్ళు, అలిగేవాళ్ళు, పడుకునేవాళ్ళు. ఈ మూడింటికీ అత్తగారి దగ్గర మందుండేది. ఇప్పుడొచ్చే అల్లుడు పడుకోడు. ఇంకొకర్ని పడుకోనివ్వడు. హైదరాబాద్‌లో ఏడాది పొడుగునా కుర్చీలో కూర్చుని పెంచిన పొట్టను జుక్కల్‌లో ఒక్క పూటలో కరిగించాలని పట్టుబట్టి, కారు వెనక రెండు సైకిళ్ళు కట్టుకుని, 161వ నంబరు జాతీయ రహదారి మీద పిట్లం దాకా వచ్చి, అక్కణ్ణుంచి జుక్కల్ దారి పడతాడు. మోసే కారుకు, మోయించుకునే సైకిళ్ళకు సంబంధమేమిటో ఊళ్ళో ఎవరికీ అంతుపట్టదు. "నడుమ డీజిల్ అయిపోతే తొక్కుకుంట రానీకేమో" అని అరుగు మీది పెద్దమనిషి ఒక తీర్పు ఇచ్చేస్తాడు.

సైకిలు దించగానే మామ తనిఖీ మొదలుపెడతాడు. ఆయన చిన్నప్పుడు గంటకింతని కిరాయి కట్టి, సీటు అందక అడ్డకడ్డీ కిందినుంచి కాలు దూర్చి తొక్కినవాడు. బండి అంటే ఏమిటో ఆయనకు తెలుసు.

"ధర ఎంత అల్లుడా?"

"లక్షకు కొంచెం తక్కువ మామా."

"స్టాండు లేదేంది?"

"బరువు మామా."

"మడ్‌గార్డులు?"

"బరువు."

"గంట? క్యారియరు?"

అవీ బరువే. మామ ఒకసారి సైకిలు వంక, ఒకసారి అల్లుడి పొట్ట వంక చూస్తాడు. తగ్గాల్సిన బరువు ఎక్కడుందో కనబడుతూనే ఉన్నా, చుట్టరికం పాడవుతుందని ఊరుకుంటాడు. ఆ లక్ష రూపాయల బండి ఆ రాత్రంతా స్టాండు లేక బర్రెల కొట్టం గోడకు ఆనుకుని నిలబడుతుంది.

అల్లుడికి మాత్రం దాని వంశవృక్షం కంఠతా వచ్చు. 1970లలో కాలిఫోర్నియాలో మౌంట్ టమల్‌పయస్ అనే కొండ మీదినుంచి కుర్రాళ్ళు లావు టైర్ల పాత సైకిళ్ళ మీద దూకినట్టు దిగేవాళ్ళు, బ్రేకుల్లో గ్రీజు కాలి పొగలు వచ్చేది, కిందికొచ్చాక మళ్ళీ గ్రీజు కూరుకునేవాళ్ళు, అక్కడ పుట్టిన ఆట 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు ఎక్కింది అని భోజనాల దగ్గర చెబుతాడు. అత్త శ్రద్ధగా విని, "పాపం, వాళ్ళకు బస్సు లేకుండెనా?" అంటుంది.

యాత్ర ఎక్కడికి? కౌలాస్ కోటకు. జుక్కల్ మండలంలోదే. ముందురాత్రి వాట్సాప్‌లో కుటుంబం గుంపుకు కార్యక్రమం వస్తుంది. అందులో నైస్మిత్ సూత్రం ఉంటుంది. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండు పర్వతారోహకుడు కట్టిన లెక్క అది: చదునున ఐదు కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి ఆరువందల మీటర్లకు ఇంకో గంట. ఆ లెక్కన తొమ్మిదింటికల్లా కోట పైన ఉండాలి. నైస్మిత్ దొరకు ఇద్దరు పిల్లల్ని లేపి పాలు తాగించడం, మరదలికి చున్నీ జత కుదరకపోవడం, తాళం చెవి కోసం వెతుకులాట లెక్కలోకి రాలేదు. ఐదింటికి బయలుదేరాల్సిన దండు ఎనిమిదింటికి కదులుతుంది.

కదిలేముందు అల్లుడి అలంకారం చూడాలి. తలకు హెల్మెట్టు, కళ్ళకు నారింజ రంగు అద్దాలు, కూర్చునే చోట దూది కూరిన బిగుతు నిక్కరు. మామ ఆ నిక్కరు చూసి దండెం వైపు తల తిప్పుకుంటాడు. వీపున నీళ్ళ సంచి, అందులోంచి నోటిదాకా గొట్టం. అత్త గొట్టం పట్టుకుని చూసి బిడ్డతో గుసగుసగా, "పానం బాగలేదా? సెలైన్ ఎక్కించుకుంట తిరుగుతుండు" అంటుంది. ఆమె దగ్గరున్నది మూట. అందులో జొన్న రొట్టెలు, పచ్చిమిర్చి తొక్కు, ఉల్లిగడ్డలు. అల్లుడి దగ్గరున్నవి వెండిరేకులో చుట్టిన బలం బిళ్ళలు. అవి తింటే ఆకలి కాదట. తినాలనీ అనిపించదు.

కౌలాస్ దాకా కారు, ఆ తర్వాత సైకిలు, కొండ కిందినుంచి కాలినడక అని పథకం. సైకిలు మీద బావ, బామ్మర్ది. మట్టిబాట ఎక్కగానే అల్లుడి ముఖం వెలిగిపోతుంది. పన్నెండు గేర్లు, ముందు చక్రానికి గుంతలను మింగే స్ప్రింగులు, డిస్కు బ్రేకులు. రాళ్ళు, గుంతలు, ఏటవాలు అన్నింటికీ ఆ బండి దగ్గర జవాబుంది, పల్లేరు కాయకు తప్ప. తెలంగాణ బాటల్లో కొండ సైకిలుకు కొండ శత్రువు కాదు. పల్లేరు కాయ, తుమ్మ ముల్లు. రెండు చక్రాలూ ఒకేసారి కూలబడతాయి. అప్పుడే ఎదురుగా మేకల కాపరి పిల్లాడొకడు కాళ్ళకు అరిగిన హవాయి చెప్పులతో, మెడ చుట్టూ మేకపిల్లతో కొండ దిగుతుంటాడు. అంతసేపూ ఈలలు వేస్తూ, ఆయాసమన్నదే లేకుండా. "సార్, అటు పోకున్రి, ముండ్లుంటయ్" అంటాడు, చక్రాలు కూలాక.

అక్కణ్ణుంచి సైకిళ్ళను బావా బామ్మర్దులే మోస్తారు. స్టాండూ గంటా లేకపోవడం కలిసొచ్చేది ఇక్కడే.

ఇంతవరకు నవ్వినందుకు మనమూ ఒక లెక్క అప్పజెప్పాలి. మామకు అరవై దాటాయి. పుట్టింది, పెరిగింది ఈ మండలంలోనే. కౌలాస్ కోట ఎన్నడూ ఎక్కలేదు. "ఏముంటది ఆడ? గడ్డి, పాములు, గుప్తనిధులకు తవ్వే దొంగలు. కోటేమన్న ఉరుకుతదా, ఎన్నడన్న పోవచ్చు" అని ఇన్నాళ్ళు దాటవేశాడు. అత్తా అంతే, బామ్మర్దీ అంతే. పద్నాలుగో శతాబ్దంలో ఓరుగల్లు కాపయ నాయకుడు బహమనీ సుల్తానుకు వదులుకోవాల్సి వచ్చిన కోట ఇది. తర్వాత రాజపుత్రుల చేతికొచ్చింది. 1857 తిరుగుబాటు రోజుల్లో నిజాము నేలలో ఉండి కూడా ఆంగ్లేయులకు ఎదురు తిరిగే మంతనాల్లో కలిసి జైలుకెళ్ళిన రాజా దీప్ సింగ్ ఇక్కడివాడే. ఇదంతా మామకు వినిపించింది నూటఎనభై కిలోమీటర్ల అవతలినుంచి వచ్చిన అల్లుడు, అదీ ఒక చేత్తో సైకిలు మోస్తూ. మామ ఆగి, కోటగోడ వంక తన పొలం గట్టును ఎవరో జరిపినట్టు చూశాడు. "మా తాత చెప్తుండె, దీప్ సింగ్ రాజా అని. నేను కతనుకున్న" అన్నాడు.

పైన నవ్‌గజ్ ఫిరంగి ఉంది. తొమ్మిది గజాలంటే ఎంత అని పిల్లలు అడిగారు. అల్లుడు చేతి గడియారంలో ఉపగ్రహాన్ని పిలిచి, ఫిరంగి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. 0.01 కిలోమీటరు అని వచ్చింది. పిల్లలు నమ్మక మూరలతో కొలవడం మొదలుపెట్టారు.

ఈలోగా ఆడవాళ్ళు కనబడలేదు. బతుకమ్మ పండుగ నడుస్తున్న రోజులు కదా, దారి పక్క విరగబూసిన గునుగు, తంగేడు చూశాక ఏ తెలంగాణ ఆడపడుచు శిఖరం వైపు నడుస్తుంది? కూతురు చున్నీ నిండా గునుగు, మరదలి హెల్మెట్టు నిండా తంగేడు. అత్త ఇంకా లోపలికి పోయి సీతాఫలాల చెట్ల దగ్గర తేలింది. కన్ను విచ్చిన కాయ ఏదో, ఇంకో రెండు రోజులు ఆగాల్సిందేదో చూపుతోనే తేల్చేస్తోంది. నీళ్ళ సంచి ఖాళీ చేయించి దాన్ని కాయలతో నింపింది. అల్లుడు వాచీ చూపించి, "అత్తా, మనం చానా వెనకున్నం" అన్నాడు.

"ఎవరికన్న వెనక బిడ్డా?"

దీనికి నైస్మిత్ దగ్గర కూడా జవాబు లేదు.

మధ్యాహ్నం కోటగోడ నీడన మూట విప్పారు. కింద కౌలాస్ నాలా ప్రాజెక్టు నీళ్ళు తళతళలాడుతున్నాయి. బలం బిళ్ళలు ఇంకా వెండిరేకులోనే ఉన్నాయి. అల్లుడు నాలుగో రొట్టె మీద తొక్కు రాసుకుంటూ, ఈ ఉదయం ఖర్చయిన కేలరీలు చదివి వినిపించబోయాడు. భార్య రొట్టె మీద ఇంకో రొట్టె వేసి లెక్క సమం చేసింది. మామ మాత్రం తినడం ముగించి బురుజు మీద నిలబడి, అది బిచ్కుంద వైపు, ఇది దెగ్లూరు వైపు, ఆ మూల దాటితే కర్ణాటక అని మనవళ్ళకు వేలు పెట్టి చూపిస్తున్నాడు. ఈ దిక్కులన్నీ బస్సులో తిరిగినవే. పైనుంచి చూడటం ఇదే మొదలు.

సాయంత్రం పంక్చర్ల దుకాణంలో ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచితే ఒక్కోచోట బుడగలు గొలుసుల్లా లేచాయి. దుకాణదారు లెక్కపెట్టడం మానేసి, "కొత్తది ఏసుకోరాదు సార్" అన్నాడు. ఆ కొలత ట్యూబు అతని దగ్గర లేదు. ఇంటికొచ్చి అల్లుడు యాత్ర పటాన్ని గుంపులో పెట్టాడు. కోట దాకా తిన్నగా పోవాల్సిన ఎర్రగీత సీతాఫలం చెట్ల చుట్టూ పిల్లి చేతికి చిక్కిన దారపుండలా ఉంది. దాని కిందే తర్వాతి కార్యక్రమం: "దీపావళికి నిజాంసాగర్ కట్ట. ఉదయం 5."

బామ్మర్ది బొటనవేలు పెట్టాడు. భార్య గుంపులోంచి వెళ్ళిపోయింది. మామ తన జీవితంలో మొదటిసారి గుంపులో ఒక ప్రశ్న టైపు చేశాడు: "దోమకొండ కోట ఎప్పుడు?" అత్తకు టైపు రాదు. గొంతు పంపింది: "బిడ్డా, యాడికన్న పోదాం గానీ, ఈసారి ఆ బండికి క్యారియరు కొట్టియ్యి. గంప పెట్టనీకి జాగ లేదు."