‘మొదటి ముద్ర’ పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ. గీత పడిన దైన గిరగిరఁ దిరుగుచు
మొదటి ముద్ర మురియు మోజు తోడ
కొత్త దెంత మెఱసి కులుకుచు నుండిన
నకలు నకలె గాదె నాకుఁ జూడ

అవతారిక

పద్యకర్త గ్రామఫోను రికార్డులు పోగేసే ఒకానొక గృహస్థు. ఆదివారం మధ్యాహ్నం చంకలో చదరపు పొట్లంతో ఇంటికి చేరి చెప్పులు విప్పుతుండగా, “ఈసారి ఎంత తగలేశారు?” అన్న ప్రశ్న ఎదురైంది. అంకె చెప్పవలసిన చోట పద్యం చెప్పాడు. మన పద్యవాఙ్మయంలో కొంత భాగమైనా ఇలాంటి ఇరుకుల్లోనే పుట్టి ఉంటుందని టీకాకారుని అనుమానం. పద్యకర్తకూ టీకాకారుడికీ బంధుత్వం దగ్గరిదే. ఇద్దరూ ఒకే చొక్కా తొడుక్కుంటారు. మూలంలో లేనిదీ, అక్కర్లేనిదీ రాయనని మల్లినాథ సూరి ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు ఈ టీకకు వర్తించదు.

ప్రతిపదార్థం

గీత పడినది + ఐనన్ = గీరుకుపోయినదైనా; గిరగిరన్ తిరుగుచున్ = చక్రంలా తిరుగుతూ; మొదటి ముద్ర = తొలిసారి అచ్చొత్తిన ప్లేటు; మోజు తోడన్ = మోజుతో (ఎవరి మోజో చెప్పలేదు); మురియున్ = మురిసిపోతుంది; కొత్తది = ఈమధ్య మళ్లీ అచ్చు వేసినది; ఎంత మెఱసి కులుకుచున్ ఉండినన్ = ఎంత తళతళలాడినా; నకలు నకలె కాదె = నకలు నకలే కదా; నాకున్ చూడన్ = నా చూపులో.

తాత్పర్యం

గీతలున్నా తొలి ముద్రణే ప్లేటు, మెరిసినా మలి ముద్రణ నకలు, ధర మాత్రం అడగవద్దు అని భావం.

విశేషాలు

గీత: ఇక్కడ శ్లేష ఉంది. లాంగ్‌ప్లే రికార్డుకు ఒక పక్కన ఉండే గీత నిజానికి ఒక్కటే. అంచు దగ్గర మొదలై సుళ్లు తిరుగుతూ మధ్యకు చేరుతుంది. అది పాట గీత. దానికి అడ్డంగా పడినది లోకం గీత. ముల్లు మొదటిదాన్ని పట్టుకు పోతూ రెండోది తగిలినప్పుడల్లా టిక్కుమంటుంది. రెండోది లోతుగా ఉంటే వెనక్కి దూకి, పాడిన మాటే మళ్లీ పాడుతుంది. ‘అరిగిపోయిన రికార్డు’ అని మనం అనేది దీన్నే. (పాడిందే పాడేది గీత పడిన రికార్డు, అరిగినది కాదు. నుడికారాన్ని దిద్దే అధికారం టీకాకారుడికి లేదు.)

మూడో అర్థం ఘంటసాల భగవద్గీత. చివరి రోజుల్లో ఆయన పాడిన ఆ హెచ్.ఎం.వి. రికార్డు, తెలుగు ఊళ్లలో ఎవరు పోయినా ఆ ఇంటి ముందు మైకులో మోగింది. ఒక మైకుసెట్టు దుకాణం నుంచి చేతులు మారుతూ వచ్చిన ప్రతి మన గృహస్థు దగ్గర ఉంది. కవరు మీద ఆకుపచ్చ పెయింటుతో సౌండ్ సర్వీసు పేరు. ప్లేటు మధ్య కాగితం మీద మళ్లీ అదే పేరు, రబ్బరు స్టాంపు. చిల్లు చుట్టూ సన్నని గీరలు: చీకట్లోనో తొందరలోనో కడ్డీ దొరక్క ప్లేటును అటూ ఇటూ జరిపి వెతుక్కున్న గుర్తులు. నిగనిగలాడవలసిన నలుపు, సుద్ద తుడిచిన పలకలా బూడిద రంగుకు తిరిగింది. ఒక ఊళ్లో ఎందరు పోయారో ఆ నలుపు చూసి లెక్క కట్టవచ్చు. గీత మీద గీతలు పడ్డాయి కనుక యమకం అన్నా తప్పు లేదు.

గిరగిర: అతిశయోక్తి. నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క ప్లేటుకు చెల్లుతుంది, 45 చుట్ల చిన్న ప్లేటుకు సర్దుకోవచ్చు. 33⅓ చుట్ల లాంగ్‌ప్లేను గిరగిర అనడం ఎద్దుబండి రయ్యిమందనడమే.

మొదటి ముద్ర: ఈ మాటను తర్కంలో పెడితే అతివ్యాప్తి దోషం తేలుతుంది. పాతదల్లా మొదటిది కాదు. హెచ్.ఎం.వి. వారి కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో, అమ్ముడుపోయే ప్లేటును ఏళ్ల తరబడి ఒత్తుతూనే ఉన్నారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ సుప్రభాతం 1963 నాటిది. ఆ తరవాత ఎప్పుడో ఒత్తిన ప్రతి కూడా, నాలుగు వానాకాలాలు అటక మీద గడిపితే ఆద్య ప్రతిలాగే కనిపిస్తుంది. తేల్చుకోవాలంటే పాట ముగిసిన చోటుకూ మధ్య కాగితానికీ నడుమనున్న ఖాళీ జాగాను దీపం కింద వాలుగా పట్టి చూడాలి. అక్కడి అంకెలూ అక్షరాలూ తాళపత్ర గ్రంథం చివర లేఖరి రాసుకున్న గద్య లాంటివి. ఆ జాగా చూడకుండా కవరు చూసి మురిసేవాడు అట్ట చూసి కావ్యం కొనేవాడు.

ముద్ర అనగా అచ్చు. దాని వంశక్రమం ఇది. టేపు మీది పాటను లాకరు పూసిన పళ్లెం మీద చెక్కుతారు. దాని మీద నికెలు పట్టించి ఊడదీస్తే ఫాదరు. ఫాదరు నుంచి మదరు, మదరు నుంచి స్టాంపరు. రెండు స్టాంపర్ల నడుమ వేడి వినైల్ ముద్దను నొక్కితే ప్లేటు. తండ్రికి తల్లి పుట్టిన వంశం పురాణాల్లో కూడా అరుదు. టేపు నుంచి లెక్కపెడితే మన మొదటి ముద్ర అయిదో నకలు. పైగా స్టాంపరూ వాడగా వాడగా అరుగుతుంది. మొదటి స్టాంపరు కడగొట్టు బిడ్డ కన్నా కొత్త స్టాంపరు తొలిచూలు బిడ్డ దృఢంగా ఉండవచ్చు.

మరి తొలి ముద్రలోనే తప్పు పడితే? 1959లో న్యూయార్కులో జాజ్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ రికార్డు చేసిన మొదటి రోజున టేపు మిషను రవంత నెమ్మదిగా తిరిగింది. ఆ టేపును మామూలు వేగంతో ఆడించేసరికి ప్లేటు మొదటి పక్కనున్న మూడు రచనలూ శ్రుతి కాస్త హెచ్చి వచ్చాయి. ముప్పై ఏళ్లకు పైగా లోకం ఆ హెచ్చు శ్రుతినే విన్నది. దానితో కలిపి వాయించబోయి, తమ వాయిద్యాన్నే అనుమానించినవాళ్లు ఎందరో. 1992లో, సరిగ్గా తిరిగిన రెండో మిషను టేపు తీసి దిద్దారు. అంటే ఇక్కడ మలి ముద్రే శుద్ధ ప్రతి. ఇదంతా తెలిసీ పద్యకర్త ఆ తొలి ముద్ర కోసమే వెతుకుతున్నాడు. తప్పుతో సహా కావాలట.

నకలు: కవి తిట్టుగా వాడాడు. తహసీల్దారు కచేరీలో అడిగి చూడండి: నకలు అంటే సీలు వేసి, సంతకం పెట్టి ఇచ్చే కాగితం. అది చెల్లుతుంది. తేడా అంతా దేన్ని చూసి దించారన్న దాంట్లో ఉంది. బీటిల్స్ స్టీరియో ప్లేట్ల పెట్టె 2012లో డిజిటల్ ప్రతి నుంచి దించినది. 2014 నాటి మోనో పెట్టె నేరుగా టేపుల నుంచి దించినది. తూకానికీ తళుకుకూ రెండూ ఒకటే. 2022లో మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికా సంస్థ, మూల టేపు మాటను కవరు నుదుటనే అచ్చేసుకునే సంస్థ, తన ప్లేట్లలో చాలావాటికి నడుమ డిజిటల్ మెట్టు ఉందని ఒప్పుకుంది. అంతకు ముందురోజు దాకా ఆ ధ్వనిలో డిజిటల్ వాసనే లేదని ప్రమాణం చేసిన చెవులు, మర్నాటి నుంచి వాసన పట్టసాగాయి.

శంక: అయితే ఏది కొనాలి?

సమాధానం: తెలుగు పాత పాటల విషయంలో చాలాచోట్ల ఈ శంకే పుట్టదు. ఈమధ్య మళ్లీ అచ్చు వేసినవి బహు కొద్ది, దొరికేది పాతదే. రెండూ దొరికే చోట, ముల్లు తినేసిన తొలి ముద్ర కన్నా టేపు నుంచి శుభ్రంగా దించిన మలి ముద్ర మేలని టీకాకారుని పక్షం. పద్యకర్త దీన్ని ఒప్పుకోడు. కానీ అతని బీరువాలో ఒకే ప్లేటు రెండేసి ప్రతులున్నవి కొన్ని ఉన్నాయి. ఆడించేది కొత్తది. అప్పుడప్పుడు తీసి, తుడిచి, చూసుకుని, మళ్లీ లోపల పెట్టేది పాతది.

పాఠాంతరం

గృహిణి ప్రతిలో నాలుగో పాదం ‘నకలు నకలె గాదె మీకుఁ జూడ’ అని ఉంది. గణం సరిపోయింది గానీ యతి చెడిందని టీకాకారుడు విన్నవించాడు. యతి సంగతి తరవాత, ముందు ధర చెప్పమంది ఆవిడ.