కొరియన్ చదివిన అమ్మాయిని దారిలో పెట్టే చిట్కాలు

మీ అమ్మాయి ఐర్లండ్‌లోని కార్క్ యూనివర్సిటీలో కొరియన్ చదివి, పట్టా పుచ్చుకుని, లీక్స్‌లిప్‌లో తన పాత గదిలోకి తిరిగొచ్చింది. కంగారు పడకండి. వేళకు కనిపెడితే నయమయ్యేదే. ఈ ఊళ్లో మనవాళ్లు ఇంతకంటే ముదిరిన కేసుల్ని బాగుచేశారు. ఒకరింట్లో అబ్బాయి చరిత్ర చదువుతానన్నాడు. ఇప్పుడు లక్షణంగా డేటా అనలిస్టు, నవ్వడం ఒక్కటే కాస్త తగ్గింది. కింది చిట్కాలు వరసగా పాటిస్తే మీ అమ్మాయి కూడా ఏడాదిలోపు మామూలు మనిషి అవుతుంది.

ముందు ఇంటెల్ వైపు చూపించండి. లీక్స్‌లిప్‌లో పెరిగి చిప్పుల ఊసెత్తకపోవడమంటే తిరుపతిలో పుట్టి కొండెక్కకపోవడమే. 1989లో కంపెనీ కాలిన్స్‌టౌన్‌లో దిగిన దగ్గర్నుంచి ఈ ఊరి ఇళ్ల అప్పులు తీరుతున్నది దాని చలవతోనే కదా. ఏడాదిలో పూర్తయ్యే కంప్యూటర్ డిప్లొమా ఏదో ఒకటి చూసి చేర్పించండి. ఒకే కంపెనీని నమ్ముకుంటే రేపెలా అని ఆమె అడగొచ్చు. 2017లో ఇదే ఊళ్లో హెచ్‌పీ ప్రింటర్ల విభాగం మూతపడుతుందని చెప్పి ఐదొందల ఉద్యోగాలు తీసేసిన సంగతి తవ్వొచ్చు. అప్పుడు టీవీ సౌండ్ పెంచండి. ఇంకో ముక్క కూడా ఇంట్లో రానివ్వకూడదు. 2020లో ఇంటెల్ తన ఫ్లాష్ మెమరీ వ్యాపారాన్ని 900 కోట్ల డాలర్లకు అమ్మడానికి ఒప్పుకుంది. కొన్నది ఎస్‌కే హైనిక్స్, అంటే కొరియా కంపెనీ. నాన్న పనిచేసే పరిశ్రమలో సగం మాటలు ఏ భాషలో నడుస్తాయో కూతురికి తెలిసిపోతే ఆ ఇంట్లో పెద్దరికం నిలవదు.

కొరియన్ ఎంత వచ్చో కొలిచే టోపిక్ పరీక్ష విషయంలో రెండు మార్గాలున్నాయి. ఒకటి, అసలు రాయనివ్వకపోవడం: “డిగ్రీ ఉండగా మళ్లీ పరీక్షేంటమ్మా, వాళ్లు డబ్బు గుంజడానికి కాకపోతే!” రెండోది ఇంకా తెలివైనది. డిగ్రీ రెండో ఏడాదిలోనే రాయించేసి ఉండాల్సింది. ఫలితం రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి, సరిగ్గా దరఖాస్తులు పెట్టుకునే వేళకు అది చెత్తకాగితం. మార్కుల లెక్క మాత్రం ఆమె కంట పడనివ్వకండి. పెద్ద పరీక్ష 300కి ఉంటుంది. 120 వస్తే మూడో స్థాయి, 150కి నాలుగు, 190కి ఐదు, 230కి ఆరు. చాలా మంది నాలుగు దగ్గర “ఇక చాల్లే” అని ఆగిపోతారు. మీరు కూడా అక్కడే స్వీట్లు పంచి, కథ ముగిసిందన్నట్టు నలుగురికీ ఫోన్లు చేయండి. నాలుగుకీ ఆరుకీ మధ్య ఉన్నది అన్నీ కలిపి 80 మార్కులు. జీతం తేడా అక్కడే ఉంటుందని గిట్టనివాళ్లు చెబుతుంటారు.

రెండో విద్య నేర్చుకోనివ్వకండి. చేతిలో కొరియన్ ఒక్కటే ఉన్నంతకాలం ఆమె మీ మాట వింటుంది. దానికి తోడు మందుల నియంత్రణ చట్టాలో, పేటెంట్లో, అకౌంట్లో వచ్చాయంటే చేజారినట్టే. మనకు కారులో అరగంట దూరంలో, స్వోర్డ్స్‌లో, బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ వాళ్ల మందుల ఫ్యాక్టరీ ఉండేది. దాన్ని 2017లో కొరియా ఎస్‌కే వాళ్లు కొనుక్కున్నారు. గేటు దగ్గర కొరియన్ వచ్చినవాళ్లను పిలిచి కూర్చోబెడుతున్నారని కాదు. క్వాలిటీ విభాగంలో పని నేర్చినవాళ్లు వందమంది ఉంటే, అందులో హెడ్డాఫీసు పంపిన కాగితాన్ని నేరుగా చదివి అర్థం చేసుకోగలిగేవాళ్లు ఎందరుంటారు? ఈ లెక్క వేసే అవకాశం పిల్లకు ఇవ్వకండి.

ఇక పెనుకొండ సంగతి. ఇది అన్నిటికంటే ప్రమాదకరం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

అనంతపురం వైపు బంధువులుంటే వాళ్లను ముందే హెచ్చరించి పెట్టండి. కియా కంపెనీ 2017లో ఆంధ్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఏడాదికి మూడు లక్షల కార్లు తయారయ్యే ఫ్యాక్టరీ కట్టింది. 2019లో కార్లు రోడ్డెక్కాయి. దాని వెనకే విడిభాగాల కంపెనీలు, వాటితో కొరియన్ ఇంజనీర్లు, వాళ్ల కోసం కొరియన్ భోజన హోటళ్లు వచ్చాయి. 2025లో శ్రీసిటీలో ఎల్జీ ఫ్యాక్టరీకీ శంకుస్థాపన జరిగింది. చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరులో హ్యుందాయ్ ఎప్పుడో 1990లలోనే పాతుకుపోయింది. ఇన్ని చోట్లా ఒకటే తంటా. ప్రెస్ షాపులో డై ఎందుకు అతుక్కుంటోందో కొరియన్ ఇంజనీరుకు తెలుసు, మిషను దగ్గర నిలబడ్డ కదిరి కుర్రాడికీ తెలుసు, ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పే మనిషి ఉండరు. మధ్యలో ఇంగ్లీషు పెట్టుకుని ఇద్దరూ అవస్థ పడతారు.

అక్కడ దుబాసీగా నిలబడాలంటే కొరియన్, తెలుగు, ఫ్యాక్టరీ పని, మూడూ రావాలి. ఢిల్లీ జేఎన్‌యూలో కొరియన్‌లో బీఏ నుంచి పీహెచ్‌డీ దాకా చదువు ఉంది. మన హైదరాబాదులో తార్నాక దగ్గర ఇఫ్లూలోనూ ఆ భాష నేర్పుతారు. కొరియన్ వచ్చినవాళ్లు దొరుకుతారన్నమాట. మూడూ కలిసిన మనిషే అరుదు. మీ అమ్మాయికి పుట్టుకతోనే ఆ మూడింట్లో ఒకటి ఉచితంగా వచ్చే అవకాశం ఉండేది. అదృష్టవశాత్తూ మీరు దాన్ని చిన్నప్పుడే అడ్డుకున్నారు. “స్కూల్లో యాస దెబ్బతింటుంది” అని ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడారు. అమ్మమ్మ ఫోన్ చేసి పలకరిస్తే “ఐ యామ్ ఫైన్ అమ్మమ్మా” అని చెప్పించారు. ఇప్పుడామెకు తెలుగు అర్థమవుతుంది, నోట్లోంచి సరిగ్గా రాదు. కొరియన్‌లో పెద్దల దగ్గర ఎలా మాట్లాడాలో, తోటివాళ్ల దగ్గర ఎలా మాట్లాడాలో ప్రొఫెసర్ల దగ్గర నేర్చుకుంది. తెలుగులో మావయ్యను “నువ్వు” అని పిలుస్తుంది. మీ పెంపకంలో ఇంత దూరదృష్టి ఉందని మీకే తెలిసి ఉండదు.

అయినా ఏమరుపాటు పనికిరాదు. వేసవిలో ఆమె రెండు నెలలు కదిరిలోనో హిందూపురంలోనో ఉంటానంటే ఉండనివ్వకండి. దుమ్ము, ఎండ, నీళ్లు పడవు అనండి. రెండు నెలల్లో నోరు తిరిగిపోతుంది ఈ పిల్లలకు.

అనువాదం చేస్తానంటే మాత్రం ఒక్కటే మాట: “ఇప్పుడన్నీ ఏఐ చేస్తోంది కదమ్మా.” ఇందులో సగం నిజమే, అందుకే బాగా పనిచేస్తుంది. వాషింగ్ మెషీను కరపత్రాలకు ఇక ఎవరూ మనిషికి డబ్బివ్వరు. మిగిలిన సగం చెప్పకండి. కాంట్రాక్టులో ఒక షరతు తప్పుగా వస్తే సంతకం పెట్టి బాధ్యత తీసుకునేది మిషను కాదు. కోర్టు, ఆసుపత్రి, పేటెంటు ఆఫీసు, ఇలాంటి చోట్లన్నీ మనిషి కూర్చోవాల్సిందే. ఆ మనుషుల్ని తయారుచేయడానికి సియోల్‌లో హాంకుక్ విదేశీ భాషల విశ్వవిద్యాలయం 1979 నుంచీ ప్రత్యేకంగా ఒక కళాశాల నడుపుతోంది. ప్రవేశ పరీక్ష కష్టం. కష్టమైనదేదీ అమ్మాయికి చూపించకండి, పట్టుదల వస్తుంది.

సాహిత్య అనువాదం అంటే ఇంకా సులువు, నవ్వేస్తే చాలు. ఆమె డెబొరా స్మిత్ పేరెత్తుతుంది. ఆ ఇంగ్లీషు అమ్మాయి 2010 ప్రాంతంలో కొరియన్ మొదలుపెట్టి, హాన్ కాంగ్ నవల ‘ద వెజిటేరియన్’ అనువాదానికి 2016లో ఇంటర్నేషనల్ బుకర్ తీసుకుంది. 50 వేల పౌండ్ల బహుమతిలో సగం రచయిత్రికి, సగం ఆమెకు. 2024లో హాన్ కాంగ్‌కు నోబెల్ కూడా వచ్చింది. మీరు వెంటనే “ఆ అనువాదంలో తప్పులున్నాయట కదా” అనండి. ఉన్నాయని కొరియాలో పెద్ద రచ్చే జరిగింది. తప్పులతో కూడా బుకర్ వచ్చిందంటే తప్పుల్లేకుండా చేస్తే ఏమవుతుందో అని ఆమె అడిగేలోపు అన్నానికి పిలవండి. కొరియన్ నుంచి నేరుగా తెలుగులోకి తేవాలన్న ఆలోచన ఆమెకు వచ్చే ప్రమాదం లేదు. కారణం పైనే చెప్పాను.

“ఈ దేశంలో కొరియన్ చదివి బాగుపడ్డవాళ్లెవరు?” అని గద్దించవచ్చు. అయితే ఇక్కడ కాస్త ఇరకాటం ఉంది. మన లూయిసా బ్రిడ్జ్ స్టేషనులో రైలెక్కితే తర్వాతి స్టేషను మేనూత్. అక్కడి సెమినరీ ప్రొఫెసర్ జాన్ బ్లోయిక్, ఎడ్వర్డ్ గాల్విన్ అనే ఫాదరీతో కలిసి 1916లో చైనాకు ఒక మిషను మొదలుపెట్టాడు. వాళ్లే కొలంబన్లు. 1933లో కొరియాకూ వెళ్లారు. ఆ గుంపులోనే కావన్‌లో పుట్టిన కెవిన్ ఓరూర్క్ 1964లో కొరియా చేరి, యోన్సే విశ్వవిద్యాలయంలో 1982లో కొరియన్ సాహిత్యంలో పీహెచ్‌డీ పుచ్చుకున్నాడు. కొరియాలోని ఒక విశ్వవిద్యాలయం నుంచి ఆ పట్టా పొందిన మొదటి విదేశీయుడు ఆయనేనంటారు. క్యుంగ్ హీ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ, వాళ్ల పాత కవిత్వాన్ని ఇంగ్లీషులోకి తెస్తూ 2020లో పోయేదాకా అక్కడే బతికాడు. మీ అమ్మాయి ఇదంతా చెబితే “వాళ్లు ఫాదరీలు, వాళ్లకు పెళ్లి ఖర్చుల్లేవు” అనండి. దీనికి ఎదురు మాట ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఐరిష్ పాస్‌పోర్టు ఉంటే కొరియా ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు చెప్పే ఎపిక్ పథకానికి అర్హత వస్తుంది. అది ఏడు దేశాలవాళ్లకే, ఐర్లండ్ అందులో ఒకటి. హైస్కూలు ఇక్కడే చదివి ఉండాలి, ఏదో ఒక డిగ్రీ ఉండాలి. కొరియన్ రానవసరం లేదు. ఈ ఒక్క దారికి మాత్రం అడ్డు చెప్పకండి, తోయండి. నాలుగేళ్లు కొరియన్ చదివిన పిల్ల కొరియా వెళ్లి, క్లాసులో ఇంగ్లీషు, ఇంటికొచ్చి మనతో ఇంగ్లీషు మాట్లాడుతూ ఐదేళ్లు గడిపేస్తుంది. సాయంత్రాలు వృథా చేయకుండా అక్కడే మాస్టర్సులో చేరిపోతే మాత్రం నా పూచీ లేదు.

చివరికి మిగిలేది జీకేఎస్ స్కాలర్‌షిప్పు. కొరియా ప్రభుత్వం ఇచ్చేది. విమానం టికెట్టు, ఫీజు, నెలనెలా ఖర్చులకు డబ్బు, ముందు ఏడాది భాష, తర్వాత మాస్టర్సు. భాష ఏడాదిలో టోపిక్ మూడో స్థాయి దాటాలి. ముందే ఐదో ఆరో ఉన్నవాళ్లకు ఆ ఏడాది కూడా మినహాయింపే. వయసు నలభై లోపు ఉంటే చాలు, కాబట్టి “వయసైపోతోంది” అన్న మన ఆయుధం ఇక్కడ పారదు. “ఊరికే వచ్చే చదువుకు సంబంధాల్లో విలువుండదు” అన్నది పారుతుంది. పాతిక వేల యూరోలు కట్టి డబ్లిన్‌లో చేసిన మాస్టర్సు అంటే అవతలివాళ్లకు మీ స్తోమత కూడా తెలుస్తుంది కదా.

అప్పటికీ వినకపోతే క్యాలెండరు చూసుకోండి. మాస్టర్సు దరఖాస్తులు సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో తీసుకుంటారు. ఇద్దరు ప్రొఫెసర్ల సిఫార్సు ఉత్తరాలు, డిగ్రీ కాగితాలకు అపోస్టిల్ ముద్ర, చదువు ప్రణాళిక, ఇవన్నీ జనవరిలోనే సిద్ధం చేసుకోవాలి. సంక్రాంతికి ముందే ఇండియా టికెట్లు కొనేయండి. పెద్దనాన్నగారి మనవరాలి పెళ్లి, చిన్నత్త గృహప్రవేశం, తిరుపతి, అన్నవరం, అన్నీ అప్పుడే పెట్టుకుని మార్చి నెలాఖరుకు తిరుగు ప్రయాణం వేయండి. డిగ్రీ పట్టా అసలు కాపీ మాత్రం లీక్స్‌లిప్‌లోనే, బీరువాలో, పట్టుచీరల అడుగున ఉండాలి. తాళంచెవి మీ దగ్గర.