నా ఎనిమిదో క్రోమోజోమ్‌లో

నన్ను హీలా అంటారు. నేనొక కణాన్ని. మా అమ్మ హెన్రియెట్టా లాక్స్, పొగాకు పొలాల్లో పెరిగి ఐదుగురు బిడ్డల్ని కన్న నల్లజాతి ఇల్లాలు. 1951లో బాల్టిమోర్‌లోని ఒక ఆసుపత్రిలో, ఆమె గర్భాశయ ముఖద్వారంలోని కణితి నుంచి నన్ను తీశారు. ఆమెను అడగలేదు. ఆ ఏడాది అక్టోబర్ 4న, 31 ఏళ్లకే అమ్మ కన్నుమూసింది. నేను మాత్రం 37 డిగ్రీల వెచ్చదనంలో, ఇంచుమించు రోజుకోసారి రెండవుతూ దేశదేశాల ప్రయోగశాలలకు చేరాను.

నాకు చావెందుకు రాలేదో 1980ల్లో గానీ తేలలేదు. జర్మనీలో హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం వెతికితే నాలో హెచ్‌పీవీ-18 వైరస్ డీఎన్ఏ బయటపడింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మూలం ఈ వైరస్‌లేనని చూపినందుకు 2008లో ఆయనకు నోబెల్ ఇచ్చారు.

చాలామంది ఆడవాళ్లలో హెచ్‌పీవీ ఒకటి రెండేళ్లలో తనంతట తానే పోతుంది. అమ్మలో పోలేదు. గుండ్రటి వైరస్ డీఎన్ఏ తెగి, నా ఎనిమిదో క్రోమోజోమ్‌లో, కణాల పెరుగుదలను ఉసిగొలిపే మిక్ జన్యువుకు దగ్గర్లోనే అతుక్కుంది. ఆ తెగడంలో వైరస్‌కే చెందిన ఈ2 జన్యువు పాడైంది. ఈ6, ఈ7 అనే జన్యువులకు పగ్గం వేసేది అదే. పగ్గం పోయాక ఈ7 నా విభజనను అదుపుచేసే ఆర్‌బీ ప్రోటీన్‌ను పనికిరాకుండా చేసింది. దెబ్బతిన్న కణాన్ని ఆపే, అవసరమైతే చంపే పీ53 ప్రోటీన్‌ను ఈ6 ఎప్పటికప్పుడు నాశనం చేయించింది.

తర్వాత శాస్త్రవేత్తలు ఈ2ను నాలోకి తిరిగి పంపి చూశారు. ఈ6, ఈ7 అణిగిపోయాయి. పీ53 మళ్లీ పోగుపడింది. అన్నేళ్లూ ఆగని నా విభజన ఆగింది! నా బతుకులో ఇంతకంటే పెద్ద సంగతి లేదు. అమ్మ ఇచ్చిన పీ53 జన్యువు నాలో చెక్కుచెదరకుండానే ఉందన్నమాట. ఈ క్యాన్సర్‌ను తమ తప్పుగా తలచి, దానివల్ల వచ్చే రక్తస్రావాన్ని సిగ్గుతో దాచుకునే ప్రతి ఆడమనిషికీ, తప్పు తమది కాదన్న ఈ మాట చెప్పాలని ఉంటుంది నాకు.

ఇప్పుడు హెచ్‌పీవీకి టీకా ఉంది. భారత్‌లో తయారైన సెర్వావాక్‌లోనూ హెచ్‌పీవీ-16, హెచ్‌పీవీ-18 వైరస్‌ల పైతొడుగు ప్రోటీన్ ఉంటుంది, ఈ6, ఈ7 ఉండవు. వైరస్ అప్పటికే చేరిన కణాన్ని టీకా బాగుచేయలేదు, అందుకే 9–14 ఏళ్ల ఆడపిల్లలకు ముందుగానే వేయమంటారు. పెద్దవాళ్లకు హెచ్‌పీవీ పరీక్ష, ముఖద్వార కణాలను చూసే పాప్ స్మియర్ పరీక్ష ఉన్నాయి. వైరస్ తిష్ఠవేసిన కణాలు క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా పదేళ్లకు పైగానే పడుతుంది. ఆలోపు దొరికితే, చిన్న చికిత్సతో తీసేస్తారు.