పైథాన్ ఏకపంక్తికి టీకా తాత్పర్యములు

అవతారిక: కోడింగ్ పరీక్షయందు ప్రశ్నకర్త 12 7 5 అని మూడు సంఖ్యలను ఒకే వరుసలో కొట్టి, వీని మొత్తము చెప్పుమనును. విద్యార్థి కూడికకు సిద్ధపడియుండును గాని, యంత్రమునకు చేరినవి సంఖ్యలు గావు, అక్షరములు. అక్షరములుగా నున్న 7ను 5ను కూడినచో 12 రాదు, 75 వచ్చును. ఆ సంకటమున స్మరింపదగిన పంక్తి యిది.

మూలము:

నమ్స్ = లిస్ట్(మ్యాప్(ఇంట్, ఇన్‌పుట్().స్ప్లిట్()))

పారాయణ సౌకర్యమునకై ఇచట తెలుగు లిపిలో నీయబడినది. యంత్రము నెదుట మాత్రము రోమన్ లిపిలో, చిన్నబడి అక్షరములతోనే వ్రాయవలెను.

ప్రతిపదార్థము: ఇన్‌పుట్() = వాడుకరి ఎంటర్ నొక్కువఱకు కొట్టినదానిని స్ట్రింగుగా గ్రహించి; స్ప్లిట్() = ఖాళీలున్నచోట ముక్కలుగా తెంచి; మ్యాప్ = ముక్కముక్కకును; ఇంట్ = పూర్ణసంఖ్యగా మార్చు ఫంక్షనును; (వర్తింపజేసి); లిస్ట్ = లిస్టుగా కట్టి; నమ్స్ = నమ్స్ అను పేరిట; ‘=’ = నిలుపుము. ఈ గుర్తునకు సమానమను అర్థము చెప్పువారు లెక్కల మాస్టారి శిష్యులేగాని పైథాన్ ఎఱుగరు.

అన్వయము: మూలమున మొదటనున్న పదము టీకలో తుదకేల పోయినదని శంక. పంక్తి వెలుపలినుండి లోనికి వ్రాయబడినది. అర్థము లోపలినుండి వెలుపలికి నడచును. గ్రహించి, తెంచి, మార్చి, కట్టి అని క్త్వార్థకములన్నియు ముందు నడువ సమాపక క్రియ తుదకు వచ్చుట తెలుగు వాక్యమునకు సహజము. కావున ఈ పంక్తిని తెనుగున తలచువానికి బ్రాకెట్ల భయము లేదు.

పూర్వపక్షము: మ్యాప్ మార్చి యిచ్చుచుండగా మఱల లిస్ట్ ఏల? పునరుక్తి దోషము గాదా?

సిద్ధాంతము: పైథాన్ 2 కాలమున ఆ దోషము పట్టెడిదే, అప్పటి మ్యాప్ తానే లిస్టు నిచ్చెడిది. 2008లో వెలువడిన పైథాన్ 3లో మ్యాప్ సోమరియైనది. ఎవరైన వచ్చి యడుగువఱకు ఒక్క ముక్కనైనను మార్చదు. అడిగినవానికి ఒక్కమాఱే యిచ్చును. లిస్ట్ లేక మ్యాప్‌నే నిలుపుకొని కూడినచో మొదట 24 వచ్చును. రెండవమాఱు కూడినచో సున్న వచ్చును, ఎర్రర్ కూడ రాదు. కావున లిస్ట్ సార్థకము.

పాఠాంతరములు: (1) స్ప్లిట్ బ్రాకెట్లలో ఒక స్పేస్ నుంచి ‘స్ప్లిట్(' ')’ అని కొందఱు పఠింతురు. అది అపపాఠము. వాడుకరి చేయి జాఱి 12 తరువాత రెండు స్పేసులు పడినచో, నడుమ ఒక శూన్యపు ముక్క పుట్టును. దానిని సంఖ్యగా మార్చలేక ఇంట్ వాల్యూఎర్రర్ అని యఱచును. వట్టి బ్రాకెట్ల స్ప్లిట్ ఎన్ని ఖాళీలైనను, ట్యాబులైనను ఒక్కటిగనే యెంచును. కామాలతో కొట్టినచోట మాత్రము ‘స్ప్లిట్(',')’ గ్రాహ్యము; కామా ప్రక్క మిగిలిన ఖాళీని ఇంట్ క్షమించును.

(2) ‘లిస్ట్(ఇన్‌పుట్())’ అని సంక్షేపపాఠము. ఇందు 12 కాస్తా 1, 2 అని వేఱుపడి, ఖాళీ కూడ ఒక సభ్యుడై కూర్చుండును.

(3) ‘ఇవాల్(ఇన్‌పుట్())’ అని సాహసికుల పాఠము. వాడుకరి కొట్టినదానిని యంత్రము కోడుగా నమ్మి అమలు చేయును. ఫైళ్లు చెఱుపుమని వ్రాసినను చెఱుపును. పైథాన్ 2లో ఇన్‌పుట్ స్వభావమే యిది. అందుచే ఆనాటివారు రా_ఇన్‌పుట్ నాశ్రయించిరి. పైథాన్ 3లో దానికే ఇన్‌పుట్ అను పేరు సంక్రమించినది.

విశేషములు: ఇంట్ అభిరుచులు విచిత్రములు. 3.5ను ఒల్లదు. 1,000ను ఒల్లదు. 1_000ను మాత్రము 3.6వ వెర్షన్ నుండి ఆదరించుచున్నది. తెలుగు అంకెలతో ౧౨ అని కొట్టినను తడుముకొనక 12 అని గ్రహించును. అయితే ప్రోగ్రాము వ్రాయువాడు తన కోడులో సంఖ్యగా ౧౨ అని వ్రాసినచో సింటాక్స్ ఎర్రర్! వాడుకరికిగల స్వాతంత్ర్యము కవికి లేదని తెలియునది.

ఛందస్సు: తెఱచు బ్రాకెట్లు నాలుగు, మూయునవి నాలుగు. అందు మూడు పాదాంతమున గుంపుగూడియుండును. ఒకటి లోపించినచో యతిభంగము. దీనిని యంత్రమెన్నడు మన్నింపదు.

తాత్పర్యము: కొట్టబడిన ప్రతి ముక్క పూర్ణసంఖ్యయగునా కాదా యనుటయే ఈ పంక్తి విచారించును. వయస్సులు కొట్టుమన్నచోట -45 అని కొట్టినను సంతోషముగ పుచ్చుకొనును. మూడు సంఖ్యలడుగగా నాలుగు వచ్చినను ఊరకుండును. వట్టి ఎంటర్ నొక్కినచో ఖాళీ లిస్టు నిచ్చి, దాని మొత్తము సున్నయని నిశ్చింతగ నుండును. సంఖ్యలెన్ని వచ్చినవి, వచ్చినవి పొసగునా యని చూచుటకు తరువాతి పంక్తి వేఱుగ వ్రాసికొనవలెనని భావము.